కార్పెట్టు, మరకలు, మన రక్తం

కార్పెట్టుకి స్టెయిన్ ప్రొటెక్షన్ వేయించాలా, వద్దా? అమెరికాలో ఇల్లు కొనుక్కున్నవాళ్ళకి ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న ఎదురవుతుంది. కార్పెట్టు అమ్మేవాడు అడుగుతాడు, స్టీమ్ క్లీనింగుకి వచ్చేవాడు అడుగుతాడు, సోఫా అమ్మేవాడూ అడుగుతాడు. "కాస్త ఎక్కువవుతుంది, కానీ పిల్లలున్న ఇల్లు కదా" అంటారు. పిల్లలున్న మాట నిజమే కాబట్టి మనం తలూపేస్తాం. సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు చదవకుండా నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కేస్తామే, అలాగన్నమాట.

చూడ్డానికి ఇది చాలా చిన్న నిర్ణయం. దాని వెనకాల మాత్రం డెబ్భై ఏళ్ళ చరిత్ర ఉంది. అందులో ఒక తెలివైన ఆవిష్కరణ ఉంది, ఒక అద్భుతమైన ప్రకటన ఉంది, కొన్ని దశాబ్దాల మౌనం ఉంది, చివర్లో కోర్టులున్నాయి. ఆ చరిత్ర తెలుసుకుంటే జవాబు దాదాపు దానంతటదే వచ్చేస్తుందని నా అభిప్రాయం. కాస్త పొడుగాటి టపా, ఓపిక చేసుకోండి.

దుప్పట్ల ఊరు

ముందు కార్పెట్టు సంగతి. అట్లాంటా నుంచి చాటనూగా వెళ్ళే ఐ-75 మీద డాల్టన్ అనే ఊరొస్తుంది. వీకెండుకి చాటనూగా వెళ్ళొచ్చిన అట్లాంటా తెలుగువాళ్ళు ఈ ఊరు దాటే ఉంటారు. 1895లో అక్కడ కేథరిన్ ఎవాన్స్ అనే పదిహేనేళ్ళ అమ్మాయి పాతకాలం పద్ధతిలో గుడ్డ మీద దారం కుచ్చులు కుట్టి ఒక దుప్పటి తయారుచేసింది. 1900లో అలాంటిదే ఒకటి రెండున్నర డాలర్లకి అమ్మింది. అది చూసి ఇరుగుపొరుగు ఆడవాళ్ళు నేర్చుకున్నారు. చూస్తూండగానే అది ఆ ప్రాంతమంతా కుటీర పరిశ్రమ అయిపోయింది. హైవే 41 పొడుగునా దండేల మీద నెమళ్ళ బొమ్మల దుప్పట్లు ఆరేసి అమ్మేవాళ్ళు. ఆ రోడ్డుకి నెమళ్ళ సందు అనే అర్థం వచ్చే పేరు కూడా పడింది.

తరవాత కుచ్చులు కుట్టడానికి మెషీన్లొచ్చాయి. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక అవే మెషీన్లని వెడల్పు చేసి దుప్పట్ల బదులు కార్పెట్లు కుట్టడం మొదలుపెట్టారు. అంతకు ముందు కార్పెట్టంటే ఉన్నిది, మగ్గం మీద నేసింది, డబ్బున్నవాళ్ళది. కుట్టిన కార్పెట్టు చవక. దానికి నైలాన్ తోడయ్యాక ఇంకా చవక. మామూలు ఉద్యోగస్తుడి ఇంట్లో కూడా ఈ గోడ నుంచి ఆ గోడ దాకా కార్పెట్టు వచ్చేసింది.

ఇక్కడ ఒక చిన్న తేడా గమనించాలి. మన ఏలూరు తివాచీ అయినా, వరంగల్ జంపఖానా అయినా చుట్ట చుట్టి బయటికి తీసుకుపోగలిగిన వస్తువు. దులపొచ్చు, ఎండలో వెయ్యొచ్చు. కింద గచ్చుని నీళ్ళు పోసి కడుక్కోవచ్చు. గోడ నుంచి గోడకి బిగించిన కార్పెట్టుకి ఆ సదుపాయం లేదు. నేల మొత్తం గుడ్డే. దాని మీద ఏం పడినా అక్కడే ఉండాలి. కాబట్టి "మరక పడకుండా ఏదైనా చెయ్యండి మహానుభావా" అని అడిగే కోట్లమంది ఒక్కసారిగా పుట్టుకొచ్చారు. డిమాండ్ అలా తయారైంది. సప్లయి మాత్రం అనుకోకుండా వచ్చింది.

బూటు మీద పడిన చుక్కలు

1953. మినెసోటాలోని త్రీఎం కంపెనీ ల్యాబులో ప్యాట్సీ షెర్మన్ అనే కెమిస్ట్ పనిచేస్తోంది. చేరి ఏడాదే అయింది. జెట్ విమానాల ఇంధనం తగిలినా పాడవని రబ్బరు తయారుచెయ్యడం వాళ్ళ పని. ఒకరోజు ల్యాబ్ అసిస్టెంట్ చేతిలోంచి ఆ ఫ్లోరిన్ రబ్బరు పాల చుక్కలు జారి ఎవరి కాన్వాసు బూటు మీదో పడ్డాయి. కడిగితే పోలేదు. సబ్బుకీ పోలేదు, ఆల్కహాలుకీ పోలేదు. పైగా, బూటు మీద ఆ చుక్కలు పడినచోట నీళ్ళూ నూనే జారిపోతున్నాయి. మిగతా బూటు మాసిపోయినా ఆ చుక్కల మేర మాత్రం శుభ్రంగా ఉంది.

దీన్ని చాలామంది "యాక్సిడెంట్" అని కొట్టిపారేస్తారు గానీ నాకు అలా అనిపించదు. ల్యాబుల్లో రోజూ ఏదో ఒకటి ఒలుకుతూనే ఉంటుంది. ఒలికినదాన్ని చూసి "ఇది బగ్ కాదు, ఫీచర్" అనుకోగలిగినవాళ్ళే తక్కువ. షెర్మన్, ఆమె సహోద్యోగి శామ్యూల్ స్మిత్ కలిసి దాని మీద మూడేళ్ళు పనిచేశారు. 1956లో స్కాచ్‌గార్డ్ మార్కెట్లోకి వచ్చింది, మొదట ఉన్ని బట్టల కోసం. మందు పనితనం పరీక్షించేది బట్టల మిల్లులో. ఆ రోజుల్లో ఆడవాళ్ళని మిల్లు లోపలికి రానిచ్చేవారు కాదు కాబట్టి షెర్మన్ బయటే నిలబడి ఫలితాల కోసం ఎదురుచూసేదిట. 2001లో వాళ్ళిద్దరికీ అమెరికా నేషనల్ ఇన్వెంటర్స్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. ఆమె 2008లో పోయింది.

ఇంతకీ ఆ మందు ఎలా పనిచేస్తుంది? ద్రవం దేని మీదైనా పరుచుకోవాలంటే ఆ ఉపరితలం దాన్ని లాక్కోవాలి. ద్రవం తన్యత కంటే ఉపరితల శక్తి బాగా తక్కువగా ఉంటే ద్రవం పరుచుకోకుండా ముత్యంలా నిలబడుతుంది, తామరాకు మీద నీటిబొట్టులాగా. ఒకే కొలతలో చెప్పాలంటే నీటిది 72, వంటనూనెలది 30 పైచిల్లర. నైలాన్‌ది 40 పైనే, అందుకే నూనె దాని మీద హాయిగా పరుచుకుంటుంది. సిలికోన్ పూస్తే 20 పైచిల్లరకి దిగుతుంది. నీళ్ళు ఆగుతాయి గానీ నూనెకి అది సరిపోదు. కార్బన్ గొలుసు చుట్టూ ఫ్లోరిన్ పరమాణువుల్ని బిగించి, ఆ తోకల్ని దారం మీద నిలబెడితే 10 చుట్టుపక్కలకి పడిపోతుంది. అప్పుడు నీళ్ళూ నిలవవు, నూనే నిలవదు. రెండింటినీ ఆపడంలో ఫ్లోరిన్‌కి సాటి వచ్చేది ఇంకోటి దొరకలేదు.

ఈ బలమంతా కార్బన్-ఫ్లోరిన్ బంధంలో ఉంది. సేంద్రియ రసాయనాల్లోకెల్లా గట్టి బంధాల్లో అదొకటి. ఎండకీ, నీటికీ, బాక్టీరియాకీ ఊడదు. సేల్స్ బ్రోషర్లో ఇది గొప్ప గుణం. ఇదే గుణం తరవాత ఎక్కడికి తీసుకెళ్ళిందో చూద్దాం.

1986: పిల్లాడు, హైచైర్, విమానం

ముప్ఫై ఏళ్ళు ముందుకొద్దాం. 1986లో డ్యూపాంట్ కంపెనీ స్టెయిన్‌మాస్టర్ కార్పెట్లు విడుదల చేసింది. టీవీ ప్రకటనలో హైచైర్లో కూర్చున్న పిల్లాడు తన అన్నం పళ్ళాన్ని విమానంలా ఎగరేస్తాడు, అది కార్పెట్టు మీద ల్యాండవుతుంది. అంతే, అమెరికా తల్లులంతా షాపుల మీద పడ్డారు. కార్పెట్టు పరిశ్రమలో అంత హిట్టయిన ప్రకటన ఇంకోటి లేదంటారు.

స్టెయిన్‌మాస్టర్‌లో రెండు వేరువేరు మందులున్నాయి. మనవాళ్ళు చాలామంది ఈ రెంటినీ ఒకటే అనుకుంటారు. మొదటిది పైన చెప్పిన ఫ్లోరిన్ పూత. ద్రవాన్ని ఇంకనివ్వదు, దుమ్ముని అంటనివ్వదు. రెండోది స్టెయిన్ బ్లాకర్. నైలాన్ గొలుసు చివర్లలో అమీన్ గుంపులుంటాయి. పిల్లల డ్రింకుల్లో కలిపే ఎర్ర రంగు లాంటివి ఆమ్ల రంగులు, అవి వెళ్ళి ఆ అమీన్ల దగ్గర కూర్చుంటాయి. స్టెయిన్ బ్లాకర్ ముందే వెళ్ళి ఆ సీట్లన్నీ ఆక్రమించేస్తుంది. బస్సులో తువ్వాలు వేసి సీటు ఆపినట్టు. ఇందులో ఫ్లోరిన్‌తో పనిలేదు.

ఇప్పుడు మన ఇంటికొద్దాం. కార్పెట్టు పరిశ్రమ మరకల పరీక్షకి వాడేది ఆ ఎర్ర ఫుడ్ కలరే, రెడ్ 40. పసుపు కాదు. పసుపులోని కర్క్యుమిన్ ఆమ్ల రంగు కాదు. దానికి అమీన్ సీటు అక్కర్లేదు, నూనెతో కలిసి నేరుగా దారంలోకి దూరిపోతుంది. అంచేత స్టెయిన్ బ్లాకర్ సాంబారుని ఆపలేదు. ఫ్లోరిన్ పూత కొత్తలో కాసేపు ఆపుతుంది, ఆ లోపల తుడిస్తే సరి. నాలుగేళ్ళు తొక్కాక, నాలుగుసార్లు స్టీమ్ క్లీనింగు చేశాక ఆ పూత ఎంత మిగులుతుంది? నడిచే దారిలో దాదాపు ఏమీ మిగలదు, అందుకేగా మళ్ళీ మళ్ళీ వేయించుకోమనేది. అమెరికన్లు హాట్ డాగ్ మీద వేసుకునే పచ్చ మస్టర్డ్ రంగు కూడా పసుపుదే. మస్టర్డ్ లాంటి ముదురు రంగు పదార్థాలు తమ పూచీ కాదని కార్పెట్ వారంటీల్లో చిన్నక్షరాల్లో రాయడం మామూలే. పప్పూ ఆవకాయా తినే ఇంటికి ఈ మందు పనికొచ్చేది అంతంత మాత్రం అన్నమాట. ఈ ఒక్క ముక్క చాలు మనకి, కానీ అసలు కథ ఇంకా ఉంది.

క్లీన్ శాంపిల్ దొరకలేదు

1968లో రాచెస్టర్ యూనివర్సిటీలో డొనాల్డ్ టేవ్స్ అనే శాస్త్రవేత్త మనుషుల రక్తంలో ఫ్లోరైడ్ ఎంత ఉంటుందో కొలుస్తున్నాడు. కొలిస్తే రెండు రకాల ఫ్లోరిన్ కనిపించింది. ఒకటి తాగేనీళ్ళలో ఉండే మామూలు ఫ్లోరైడ్. రెండోది కార్బన్‌తో అంటుకుని ఉన్నది. ప్రకృతిలో అలాంటివి చాలా అరుదు, మనిషి రక్తంలోకి రావాల్సిన పని అసలే లేదు. ఆయనా, వారెన్ గై అనే ఇంకో శాస్త్రవేత్తా బ్లడ్ బ్యాంకుల రక్తం తీసుకుని చూశారు. అక్కడా ఉంది.

ఇది ఇళ్ళలో వాడే వస్తువుల నుంచి వస్తోందేమోనని వాళ్ళు 1975లో త్రీఎంని అడిగారు. తమకి తెలియదనీ, స్కాచ్‌గార్డ్ పాలిమరే గానీ వాళ్ళు చెప్తున్న ఆమ్లం కాదనీ కంపెనీవాళ్ళు జవాబిచ్చారు. కానీ ఆ తరవాత కంపెనీ సొంత ల్యాబులోనే పోల్చి చూస్తే రక్తంలో ఉన్నది తాము తయారుచేసే పీఎఫ్ఓఎస్ అని తేలింది. ఈ సంగతి బయటి ప్రపంచానికి చెప్పలేదు. మినెసోటా రాష్ట్రం 2010లో వేసిన దావా వల్ల కంపెనీ లోపలి కాగితాలు 2018లో బయటపడ్డాకే ఇవన్నీ మనకి తెలిశాయి.

1997లో జరిగింది ఇంజినీర్లకి బాగా అర్థమవుతుంది. త్రీఎంలో క్రిస్ హాన్సెన్ అనే కెమిస్ట్‌కి ఫ్యాక్టరీ కార్మికుల రక్తంలో ఈ రసాయనం ఎంతుందో కొలిచే పని అప్పగించారు. పోల్చడానికి మామూలు జనం రక్తం కావాలి కదా, రెడ్ క్రాస్ నుంచి తెప్పించారు. అందులోనూ పీఎఫ్ఓఎస్ ఉంది. ఎవరైనా ఏమనుకుంటారు? టెస్ట్ సెటప్పులోనే ఏదో తప్పుంది అనుకుంటారు. ఆవిడా అలాగే అనుకుని మెషీన్ని అనుమానించింది, మళ్ళీ చేసింది, వేరే చోట్ల నుంచి రక్తం తెప్పించింది. ఎక్కడిది తెచ్చినా ఉంది. చివరికి ఆ రసాయనం లేని రక్తం ఎక్కడ దొరికిందో తెలుసా? కొరియా యుద్ధం నాటి సైనికుల దగ్గర తీసి దాచిపెట్టిన పాత శాంపిళ్ళలో. అంటే స్కాచ్‌గార్డ్ పుట్టక ముందుదన్నమాట. బతికున్నవాళ్ళలో బేస్‌లైన్ దొరకలేదు, ఆర్కైవులో వెతుక్కోవాల్సొచ్చింది. ఈ వివరాలు ఆవిడే చెప్పగా 2024లో ప్రోపబ్లికా ప్రచురించింది.

2000 మే 16న త్రీఎం ఒక ప్రకటన చేసింది. స్కాచ్‌గార్డ్‌లో వాడే ఈ రసాయనాల తయారీని ఆపేస్తున్నామంది. వస్తువులు సురక్షితమే, ముందుజాగ్రత్త కోసమే ఆపుతున్నాం అని కూడా అంది. అప్పటికే ఎలుకల మీద రెండు తరాల పరీక్షలో పుట్టిన పిల్లలు చచ్చిపోయాయని పర్యావరణ సంస్థ ఈపీఏకి తెలుసు. ఆ రోజుల్లో మనవాళ్ళు వైటూకే అయిపోయి డాట్‌కామ్ కుప్పకూలడం చూస్తూ హెచ్1 టెన్షన్లో ఉన్నారు. ఈ వార్త ఎంతమంది కంటబడిందో అనుమానమే.

ఇంత రసాయనాన్ని పరీక్షించకుండా ఎలా వదిలారు అని అడగొచ్చు. అమెరికాలో విషపదార్థాల నియంత్రణ చట్టం వచ్చిందే 1976లో. అప్పటికే మార్కెట్లో ఉన్న దాదాపు 62 వేల రసాయనాల్ని అలాగే ఉండనిచ్చారు. లెగసీ కోడ్ అన్నమాట. ప్రొడక్షన్లో ఉంది, నడుస్తోంది, కదపొద్దు.

వెర్షన్ 2

పీఎఫ్ఓఎస్‌లో ఎనిమిది కార్బన్లు. మనిషి ఒంట్లోకి వెళ్తే సగం పోవడానికి ఇంచుమించు ఐదేళ్ళు పడుతుంది. 2003లో కొత్త స్కాచ్‌గార్డ్ నాలుగు కార్బన్ల రసాయనంతో వచ్చింది. ఇది ఒంట్లోంచి నెలరోజుల్లో సగం పోతుంది. మెరుగే, కాదనను. కానీ నేలలోనూ నీళ్ళలోనూ అదీ విరగదు. ఒంట్లోంచి త్వరగా పోయేది నీళ్ళలోకే పోతుంది, నీళ్ళలోంచి తీసెయ్యడం ఇంకా కష్టం.

ఇంకోవైపు వెస్ట్ వర్జీనియాలో పార్కర్స్‌బర్గ్ దగ్గర, టెఫ్లాన్ తయారీలో వాడే పీఎఫ్ఓఏ అనే చుట్టం రసాయనం మీద రాబ్ బిలాట్ అనే లాయరు కేసు నడిపాడు. 2019లో వచ్చిన డార్క్ వాటర్స్ సినిమా ఆయన కథే. ఆ కేసు పుణ్యమా అని సుమారు 69 వేలమంది రక్తం పరీక్షించారు. శాస్త్రవేత్తల బృందం ఆరు జబ్బులకి ఆ రసాయనంతో సంబంధం ఉండే అవకాశం ఎక్కువని తేల్చింది: కిడ్నీ క్యాన్సర్, వృషణాల క్యాన్సర్, థైరాయిడ్ జబ్బు, అల్సరేటివ్ కొలైటిస్, అధిక కొలెస్టరాల్, గర్భిణుల్లో వచ్చే బీపీ. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ పీఎఫ్ఓఏని మనుషులకి క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో పెట్టింది. పీఎఫ్ఓఎస్‌ని కలిగించే అవకాశం ఉన్నవాటిలో పెట్టింది.

ఈ కుటుంబం మొత్తాన్ని పీఫాస్ అంటున్నారు. ఇందులో వేల రసాయనాలున్నాయి. ఒకదాన్ని నిషేధిస్తే దాని తమ్ముడు వస్తాడు. ఏ పేరుతో వచ్చినా ఫ్లోరిన్ గొలుసు మాత్రం అదే.

ఇంట్లో కార్పెట్టు సంగతేంటి?

ఫ్యాక్టరీల పక్కనున్నవాళ్ళ గొడవ మనకెందుకు, మన కార్పెట్టుతో ఏమవుతుంది అని అడిగేవాళ్ళ కోసం ఒక ఉదాహరణ. కెనడాలో ఒక కుటుంబం రక్తంలో పీఎఫ్‌హెచ్ఎక్స్ఎస్ అనే పీఫాస్ విపరీతంగా ఉందని 2012లో ఒక పరిశోధన పత్రం వచ్చింది. ఎక్కడి నుంచా అని వెతికితే ఇంట్లో కార్పెట్టు దగ్గర తేలింది. ఏళ్ళ తరబడి మరకల మందు పదే పదే వేయించారు. కింద నేలని వేడిచేసే పైపులు కూడా ఉన్నాయి. ఫ్యాక్టరీ లేదు, కలుషితమైన బావి లేదు. ఉన్నదల్లా బాధ్యతగా, శ్రద్ధగా ఇల్లు చూసుకున్న ఒక కుటుంబం. వాళ్ళు చేసింది అదే, అమ్మినవాడు చెప్పినట్టు చెయ్యడం. నన్ను బాగా కలవరపెట్టింది ఇదే.

అందరి ఇళ్ళలోనూ అలా ఉంటుందని కాదు. చాలామందికి పీఫాస్ ప్రధానంగా తిండి నుంచీ నీళ్ళ నుంచీ వస్తుంది. అయితే నేల మీద పాకే పిల్లల లెక్క వేరు. పెద్దవాళ్ళం కార్పెట్టు మీద నడుస్తాం, వాళ్ళు దాని మీదే బతుకుతారు. పూత అరిగి దుమ్ములో కలుస్తుంది, ఆ దుమ్ము చేతికి అంటుతుంది, చెయ్యి నోట్లోకి పోతుంది. ఆ సేల్స్‌మన్ "పిల్లలున్న ఇల్లు కదా" అన్నాడే, అదే మాట మందు వద్దనడానికి కారణం.

తరవాతి సంగతులు టకటకా చెప్పేస్తాను. కాలిఫోర్నియా 2021లో పీఫాస్ ఉన్న కార్పెట్లని నియంత్రించాల్సిన వస్తువుల జాబితాలో చేర్చింది. హోమ్ డిపో, లోస్ రెండూ 2019 ఆఖరుకీ 2020 మొదటికీ అలాంటి కార్పెట్లు కొనడం ఆపేస్తామన్నాయి. డాల్టన్‌కి దిగువన నది నీళ్ళు తాగే రోమ్ అనే ఊరు కార్పెట్, రసాయన కంపెనీల మీద 2019లో దావా వేసి, 20 కోట్ల డాలర్లకు పైగా రాబట్టుకుంది. ఆ డబ్బు నీళ్ళు శుభ్రం చేసుకోవడానికి. త్రీఎం 2022 డిసెంబర్లో, 2025 ఆఖరుకల్లా పీఫాస్ తయారీ మొత్తం మానేస్తామని ప్రకటించింది. 2023లో తాగునీటి సంస్థలకి వెయ్యి కోట్ల డాలర్లకు పైగా ఇవ్వడానికి ఒప్పుకుంది. త్రీఎం పుట్టిన మినెసోటా రాష్ట్రంలోనే 2025 జనవరి 1 నుంచి కార్పెట్లలో, బట్టల మీద కొట్టే మందుల్లో కావాలని కలిపిన పీఫాస్ ఉంటే అమ్మకూడదు. ఆ చట్టానికి అమారా స్ట్రాండీ పేరు పెట్టారు. ఆ చుట్టుపక్కలే పెరిగి, అరుదైన లివర్ క్యాన్సర్‌తో పోరాడుతూ ఈ చట్టం కోసం సభలో మాట్లాడిన అమ్మాయి. 2023లో, చట్టం రావడానికి కొద్దివారాల ముందు, ఇరవై ఏళ్ళ వయసులో చనిపోయింది.

ఒక మంచి వార్త కూడా ఉంది. అమెరికన్ల రక్తంలో పీఎఫ్ఓఎస్ సగటు 1999-2000లో మిల్లీలీటరుకి 30.4 నానోగ్రాములు. 2017-18కల్లా 4 చిల్లరకి పడిపోయింది. అంటే వాడకం ఆపితే ఒళ్ళు మెల్లగా శుభ్రపడుతుంది. జనం ఏం కొంటున్నారు, ప్రభుత్వం ఏం ఆపుతోంది అనేదానికి నేరుగా రక్తంలో కనిపించే ఫలితం ఉంది. "మన ఒక్కరి వల్ల ఏమవుతుంది లెద్దూ" అనేవాళ్ళకి ఇంతకన్నా మంచి గ్రాఫు నేను చూపించలేను.

ఇండియాలో ఉన్న మిత్రులకి ఒక మాట. గోడ నుంచి గోడకి కార్పెట్టు మనకి లేదు గానీ సోఫాల మీద స్టెయిన్ గార్డ్ హైదరాబాదులోనూ అమ్ముతున్నారు. పీఎఫ్ఓఎస్ 2009లోనే స్టాక్‌హోమ్ ఒప్పందం జాబితాలోకి ఎక్కింది. ఆ ఒప్పందంలో భారతదేశం 2006 నుంచీ ఉంది. అయితే 2020 అక్టోబర్లో కేంద్ర కేబినెట్ ఆమోదించిన ఏడు రసాయనాల్లో పీఎఫ్ఓఎస్ లేదు. కాబట్టి సోఫా కొనేటప్పుడు అడగాల్సింది మీరే.

మరి మా ఇంట్లో?

మా ఆవిడకి ఈ చరిత్రంతా రెండు రాత్రులు చెప్పాను. ఓపిగ్గా విని, "సరే, నీ పురాణం బానే ఉంది. వీకెండు పాట్‌లక్కులో ఎవరో ఒకరు పులిహోర పడేస్తారు, అప్పుడు నువ్వు తుడుస్తావా, త్రీఎంవాడు వచ్చి తుడుస్తాడా?" అంది. న్యాయమైన ప్రశ్న. మరక కూడా నిజమైన సమస్యే. ఇల్లు అమ్మేటప్పుడు కార్పెట్టు మీద పచ్చటి మచ్చ ఉంటే రేటు తగ్గిస్తారు, అద్దిల్లయితే డిపాజిట్ లోంచి కోస్తారు. ఇండియా నుంచి ఫోన్లో మా అమ్మ మాత్రం "అసలు తివాచీ మీద కూర్చుని అన్నం తినడం ఏంట్రా?" అని తేల్చేసింది. డెబ్భై ఏళ్ళ రసాయనశాస్త్రానికి ఇది కూడా ఒక జవాబే.

నేను లెక్క ఇలా వేసుకున్నాను. మరక కనిపిస్తుంది, మందు కనిపించదు. మరక ఒక గదిలో ఉంటుంది, మందు దుమ్ములోకీ మురుగులోకీ చెత్తకుప్పలోకీ పోతుంది. మరీ కాదంటే మరక పడిన ముక్క మార్చుకోవచ్చు, మందుకి అన్‌డూ బటన్ లేదు. పైగా మన వంటకి ఆ మందు సరిగ్గా పనిచెయ్యదు. ఒక కార్పెట్టు వల్ల కొంపలు మునుగుతాయని నేననడం లేదు. ఇంత తక్కువ లాభానికి, వెనక్కి తీసుకోలేని పని చెయ్యడం దేనికి అంటున్నానంతే. వద్దని నిర్ణయించాం.

మీకు పనికొస్తాయేమోనని కొన్ని సూచనలు:

కొత్త కార్పెట్టయితే మందు కన్నా దారం ముఖ్యం. పాలియెస్టర్‌లో అమీన్ సీట్లు లేవు, కాబట్టి ఎర్ర డ్రింకులు, కాఫీ లాంటివి దానికి అంతగా అంటవు. పసుపుకి మాత్రం అక్కడ కూడా పూర్తి రక్షణ లేదు.

అమ్మేవాణ్ణి "సేఫేనా?" అని అడక్కండి, సేఫే అంటాడు. "ఇందులో ఫ్లోరినేటెడ్ రసాయనం ఏదైనా ఉందా, లేదని కాగితం మీద రాసిస్తావా?" అని అడగండి. "సీ6" అని చెప్తే అది కూడా పీఫాసే, గొలుసు పొట్టిది, అంతే.

క్లీనింగుకి వచ్చేవాడు చివర్లో కొట్టే మందు చాలాచోట్ల ప్యాకేజీలోనే ఉంటుంది. ముందే వద్దని చెప్పాలి, లేకపోతే డిఫాల్టుగా కొట్టేసి పోతాడు.

2002కి ముందు వేసిన కార్పెట్టున్న ఇల్లు కొంటే, కుదిరితే తీసేయించండి. కుదరకపోతే హెపా ఫిల్టరున్న వాక్యూమ్ వాడండి, పాకే పిల్లల చేతులు తరచూ కడగండి.

పప్పు పడిందా? రుద్దకండి. ముందు చెంచాతో ఎత్తెయ్యండి. పొడిగుడ్డతో అద్దండి. చల్లనీళ్ళలో రెండు చుక్కల గిన్నెల సబ్బు కలిపి మళ్ళీ అద్దండి, బయటి నుంచి లోపలికి. మిగిలిన పచ్చదనానికి, లేతరంగు సింథటిక్ కార్పెట్టయితే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్, అదీ ముందు ఒక మూల పరీక్షించాకే. ఉన్నికి మాత్రం వద్దు. కర్క్యుమిన్ ఎండకి విరిగిపోతుంది కాబట్టి ఆ మచ్చ మీద రోజూ ఎండ పడేలా కర్టెన్ తీసి ఉంచండి. కొద్దిరోజుల్లో వెలుస్తుంది. పసుపుబట్టలు ఎండలో ఆరేసి వెలిసిపోయాయని మన ఇళ్ళలో తిట్టుకునేవాళ్ళే, ఇక్కడ అదే పనికొస్తుంది.

ప్యాట్సీ షెర్మన్ మీద నాకు గౌరవం ఏమీ తగ్గలేదు. ఒలికిన చుక్కని చూసి ఆగి ఆలోచించిన మనిషి ఆవిడ. రక్తంలో కనిపించినదాన్ని చూసి కూడా ఆగనివాళ్ళతోనే నా పేచీ. టేవ్స్ రక్తంలో ఆ రెండో ఫ్లోరిన్ కనిపించిన 1968కీ, తయారీ ఆపుతామన్న 2000కీ మధ్య ముప్ఫైరెండేళ్ళు. ఆ ముప్ఫైరెండేళ్ళలో కార్పెట్టు కొన్న ఏ ఒక్కరికీ నిర్ణయించుకోవడానికి కావాల్సిన సమాచారం ఇవ్వలేదు. ఇప్పుడు మన దగ్గర ఆ సమాచారం ఉంది. వేయించుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం, కనీసం చదివి నొక్కండి.

మీ ఇంట్లో ఏం చేశారో, పసుపు మరకలకి ఇంతకన్నా మంచి చిట్కా ఏదైనా ఉంటే అదీ, చెప్పండి. మా ఆవిడ అడగమంది.